గౌట్ మందు మొదలుపెట్టే ముందు

కాలి బొటనవేలి మొదట్లో అర్ధరాత్రి వేళ ఉన్నట్టుండి భరించలేని నొప్పి, ఎర్రటి వాపు, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత సలుపు - ఇవి గౌట్ వ్యాధి లక్షణాలు. మన పెద్దలు దీన్ని వాతరక్తం అంటారు. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకోవడమే దీనికి కారణం. దీనికి మంచి మందులున్నాయి. అయితే పక్కింటివారికి తగ్గిందని అదే మాత్ర తెచ్చుకోవడం, పాత చీటీ చూపించి మందుల షాపులో కొనుక్కోవడం ప్రమాదకరం. ఈ మందులు వాడేముందు ఏమేమి చూసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ఇది గౌటేనా?

కీళ్లనొప్పులన్నీ గౌట్ కావు. 2005-06లో మన రాష్ట్రంలో చికున్‌గున్యా వచ్చినప్పుడు ఎంతోమంది నెలల తరబడి కీళ్లనొప్పులతో బాధపడ్డారు. దానికి గౌట్ మందు పనిచేయదు. జ్వరంతో పాటు ఒకే కీలు వాచి వేడిగా ఉంటే కీలులో చీము పట్టి ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి.

రక్తపరీక్ష ఒక్కదాన్నే నమ్మకూడదు. యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నవారిలో చాలామందికి గౌట్ ఎన్నడూ రాదు. నొప్పి లేకుండా అంకె మాత్రమే పెరిగితే సాధారణంగా మందు అవసరముండదు. మరోవైపు, నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో రిపోర్టు మామూలుగానే రావచ్చు. అనుమానమున్నప్పుడు కీలులోని నీరు తీసి మైక్రోస్కోపు కింద చూస్తే సంగతి తేలుతుంది.

క్షయ మందులు వాడుతున్నవారికి ఒక మాట. వాటిలో ఒకటైన పైరజినమైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, కీళ్లనొప్పులు కూడా రావచ్చు. ఆ కారణంతో క్షయ మందులు మీ అంతట మీరు మానకండి. మానితే క్షయ మొండికెత్తుతుంది. డాక్టరుకు చెబితే తగిన ఉపాయం చేస్తారు.

2. డాక్టరుకు తప్పక చెప్పవలసినవి

మూత్రపిండాల జబ్బు, రాళ్లు, షుగరు, బి.పి., కాలేయం జబ్బు, మద్యం అలవాటు, గుండెపోటు, పక్షవాతం, ఏదైనా మందు పడక వచ్చిన దద్దుర్లు - వీటిలో ఏది ఉన్నా దాచకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి.

వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. మన ప్రాంతంలో ఒకే మనిషి తిరుపతి స్విమ్స్‌లో ఒక జబ్బుకు, వేలూరు సి.ఎం.సి.లో మరొక జబ్బుకు చూపించుకోవడం మామూలే. ఆ కాగితాలన్నీ ఒక్కచోట చూస్తేనే మందులకు మందులకు పొత్తు కుదురుతుందో లేదో తెలుస్తుంది.

ముఖ్యంగా, కిడ్నీ మార్పిడి తర్వాతా, మరికొన్ని జబ్బులకూ ఇచ్చే అజాథయోప్రిన్ అనే మాత్రతో కలిపి అల్లోప్యూరినాల్ గాని, ఫెబుక్సోస్టాట్ గాని వేసుకుంటే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ప్రాణాపాయం కూడా కలుగుతుంది. రక్తం పలుచబరిచే వార్ఫరిన్ వాడుతున్నా చెప్పాలి. బి.పి. కోసం, గుండె కోసం ఇచ్చే నీటి మాత్రలు, చిన్న మోతాదు ఆస్పిరిన్ యూరిక్ యాసిడ్‌ను కొంత పెంచుతాయి. అయినా వాటిని సొంతంగా ఆపకూడదు.

3. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క జాగ్రత్త

అల్లోప్యూరినాల్: రోజుకు 100 మిల్లీగ్రాములు, లేదా అంతకన్నా తక్కువతో మొదలుపెట్టి, రక్తపరీక్ష చేస్తూ మెల్లగా పెంచుతారు. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా తక్కువతో మొదలవుతుంది. యూరిక్ యాసిడ్ 6 కన్నా తగ్గించడం లక్ష్యం. ఈ మందు మొదలుపెట్టిన తొలి నెలల్లో ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, నోటిలో పుండ్లు, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే వెంటనే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి రండి. ఇది అరుదే గాని, నిర్లక్ష్యం చేస్తే చర్మం ఊడిపోయేంత తీవ్రమవుతుంది. ఒకసారి ఇలా జరిగినవారు మళ్లీ ఆ మందు ముట్టకూడదు.

ఫెబుక్సోస్టాట్: గుండెజబ్బు ఉన్నవారి విషయంలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2019లో దీనిపై గట్టి హెచ్చరిక చేసింది. 2020లో వెలువడిన మరొక పెద్ద పరిశీలనలో అంత ప్రమాదం కనిపించలేదు. అయినా గుండెపోటు వచ్చినవారు డాక్టరుతో మాట్లాడకుండా దీన్ని వాడరాదు. కాలేయం పరీక్ష కూడా చేయించాలి.

కాల్చిసిన్: ఇది నొప్పి వచ్చినప్పుడు వాపు తగ్గించే మందు. చెప్పిన లెక్క దాటి ఒక్క మాత్ర కూడా వేసుకోకండి. విరేచనాలు, వాంతులు మొదలైతే ఎక్కువైందని గుర్తు. క్లారిథ్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లతో కలిస్తే ఇది ఒంట్లో పేరుకుపోతుంది. ఎర్రగా, పసుపుగా మంటలాంటి పూలు పూసే అగ్నిశిఖ, అంటే అడవి నాభి, దుంపలో ఉన్నది కూడా ఈ పదార్థమే. కీళ్లనొప్పులకని ఆ దుంపను నూరి తాగితే ప్రాణం పోతుంది. మాత్రలను పిల్లలకు అందకుండా పెట్టండి.

4. మందు మొదలయ్యాక

యూరిక్ యాసిడ్ తగ్గించే మందు వేసుకున్న తొలి నెలల్లో నొప్పి మళ్లీ రావచ్చు. పేరుకున్న స్ఫటికాలు కరిగేటప్పుడు ఇలా జరుగుతుంది. మందు పడలేదనుకుని ఆపేయవద్దు. అందుకే కొన్ని నెలలపాటు తోడుగా మరొక మందు ఇస్తారు. నొప్పి తగ్గిందని మానేసినా జబ్బు తిరిగి వస్తుంది. డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలను రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి.

కందిపప్పు, టమాటాలు మానుకుంటే చాలనుకోకండి. వేటమాంసం, కార్జం, బీరు, తీపి కూల్‌డ్రింకులు తగ్గించడం మేలు. మన ఎండల్లో నీళ్లు బాగా తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులవారు మాత్రం ఎంత తాగాలో అడిగి తెలుసుకోవాలి.

జ్ఞాపకముంచుకోండి

- పరీక్ష లేకుండా గౌట్ మందు మొదలుపెట్టకూడదు.
- మీ మాత్ర మరొకరికి ఇవ్వకండి, మరొకరిది మీరు వాడకండి.
- దద్దుర్లు వస్తే మాత్ర ఆపి అదే రోజు రండి.
- ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఈ పాఠాన్ని ఇంట్లో చదవలేని పెద్దలకు చదివి వినిపించండి. సందేహముంటే మందు వేసుకోకముందే వచ్చి అడగండి.