కార్బన్ కొలువుకు ఓడ లెక్కలే దారి

ట్రేడింగ్ అన్న మాట వినగానే చాలామంది తల్లిదండ్రులకు కంప్యూటర్ తెర ముందు కూర్చుని లక్షలు గడించే ఉద్యోగమే గుర్తొస్తుంది. నౌకారంగంలో కర్బన ఉద్గారాల వ్యాపారం మీద ఈ మధ్య పెరిగిన మోజుకు మూలం అదే. డిగ్రీ ఏదైనా సరే, చివర్లో ఒక కార్బన్ సర్టిఫికెట్ తగిలిస్తే యూరప్‌లో కొలువు ఖాయమని నమ్మి పిల్లల మీద ఒత్తిడి తెస్తున్నారు. నిబంధనలు చదివితే పని ఎక్కడుందో తెలుస్తుంది. కొనడం, అమ్మడం కొద్దిమంది చేసే పని. ఎక్కువమందికి పని ఉండేది లెక్క తేల్చడంలోనే.

యూరోపియన్ యూనియన్ 2024 జనవరి 1 నుంచి తన ఉద్గారాల వ్యాపార పథకంలోకి ఓడలను తెచ్చింది. 5,000 గ్రాస్ టన్నేజ్, అంతకు మించిన సరుకు, ప్రయాణికుల ఓడలు ఏ దేశపు జెండాతో తిరిగినా అక్కడి రేవులకు వస్తే ఈ పరిధిలోకి వస్తాయి. ఒక్కో టన్ను ఉద్గారానికి ఒక్కో అలవెన్సు, అంటే అనుమతి పత్రం, కొని అప్పగించాలి. ఓడలకు ఉచిత కోటా లేదు. యూరప్ రేవుల మధ్య ప్రయాణమైతే మొత్తం ఉద్గారాలకు, బయటి రేవుకూ యూరప్ రేవుకూ మధ్యయితే సగానికి లెక్క. 2024 ఉద్గారాల్లో 40 శాతానికి, 2025 వాటిలో 70 శాతానికి అలవెన్సులు చాలు. 2026 ఉద్గారాల నుంచి పూర్తిగా కట్టాలి. విశాఖ నుంచి నేరుగా రోటర్‌డామ్ వెళ్లే ఓడ దారిలో 600 టన్నుల హెవీ ఫ్యూయల్ ఆయిల్ కాల్చిందనుకుందాం. టన్ను ఇంధనానికి 3.114 టన్నుల చొప్పున 1,868 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అందులో సగం 934. అలవెన్సు 70 యూరోలు అనుకుంటే ఒక్క ప్రయాణానికి 65 వేల యూరోలు దాటుతుంది.

ఇంత డబ్బు ఆధారపడేది ఓడ నుంచి రోజూ మధ్యాహ్నం వెళ్లే నూన్ రిపోర్టు మీద. ఎంత ఇంధనం కాలింది, ట్యాంకుల్లో ఎంత మిగిలింది అని అందులో రాస్తారు. ఆ అంకెలు ఇంధనం నింపినప్పటి రసీదైన బంకర్ డెలివరీ నోట్‌తో, మట్టం కొలిచే ట్యాంకు సౌండింగ్‌తో సరిపోవాలి. తేడా వస్తే లెక్కను ధ్రువీకరించే వెరిఫయర్ ప్రశ్న వేస్తాడు. ధ్రువీకరించిన నివేదిక మరుసటి ఏడాది మార్చి 31 కల్లా, అలవెన్సులు సెప్టెంబర్ 30 కల్లా అందాలి. అలవెన్సుల గడువు తప్పితే టన్నుకు కనీసం 100 యూరోల జరిమానా పడుతుంది, పైగా ఆ అలవెన్సులూ అప్పగించక తప్పదు. బాధ్యత షిప్పింగ్ కంపెనీదే. అయితే ఇంధనం కొని ఓడను నడిపించేది దాన్ని అద్దెకు తీసుకున్న చార్టరర్ అయితే ఆ ఖర్చు అతని నుంచి రాబట్టుకునే హక్కు ఉంది. కాబట్టి ఒప్పందంలోని క్లాజు కూడా డబ్బే. ఇంజిన్ రూమ్ తెలిసినవాడు, లెక్కలు తెలిసినవాడు, ఒప్పందం చదవగలిగినవాడు... ఈ ముగ్గురికే ఇక్కడ చోటు.

అందుకే నా మొగ్గు మెరైన్ ఇంజినీరింగ్, నేవల్ ఆర్కిటెక్చర్ల వైపు. ఇంటర్ ఎంపీసీతో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఆ యూనివర్సిటీకి విశాఖలోనే క్యాంపస్ ఉంది. కొన్నేళ్లు ఓడ మీద పనిచేసి ఒడ్డుకు వచ్చిన ఇంజినీరు నూన్ రిపోర్టులో తప్పును ఇట్టే పట్టేస్తాడు. అలాగని ఇష్టం లేని పిల్లవాణ్ని సముద్రం మీదికి తోయడం అన్యాయం. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండేది వాడు, మనం కాదు. బీకామ్, లా చదివినవారికి షిప్పింగ్ అకౌంట్లు, చార్టరింగ్ ఒప్పందాల ద్వారా ఒడ్డు మీదే దారి ఉంది.

ఇక ఖర్చుల మాట. కార్బన్ కోర్సు సిలబస్‌లో ఉన్నదంతా చెట్లు నాటి క్రెడిట్లు సంపాదించడమే అయితే ఈ పనికి అది పనికిరాదు. యూరప్ పథకంలో అలాంటి క్రెడిట్లు చెల్లవు. అలవెన్సుకూ ఈ క్రెడిట్లకూ ఉన్న తేడా చెప్పలేని సంస్థకు ఫీజు కట్టకండి. ఓడ ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బడిగే ఏజెంట్లది ఇంకా పెద్ద మోసం. ఉద్యోగం చూపినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోవడాన్ని అంతర్జాతీయ మారిటైమ్ లేబర్ కన్వెన్షనే నిషేధించింది. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదం లేని ప్రీ-సీ (ఓడ ఎక్కేముందు చేసే) కోర్సుకు అప్పు చేసి లక్షలు పోస్తే అవి తిరిగి రావు. ఓడ కొలువుకు చూపు ప్రమాణాలు ఉంటాయి కాబట్టి ఫీజు కట్టే ముందే గుర్తింపు ఉన్న డాక్టరుతో కంటిచూపు, రంగులు గుర్తించే పరీక్ష చేయించండి.

కొత్త రంగంలో ముందు అడుగుపెట్టినవారిదే లాభం కదా అంటారు. కొంత నిజమే. కానీ నిబంధనలు నిలకడగా లేవు. అంతర్జాతీయ మారిటైమ్ సంస్థ 2025 ఏప్రిల్‌లో ఓడల ఉద్గారాలకు ధర కట్టే ముసాయిదాకు ఆమోదం తెలిపింది. అక్టోబర్‌లో తుది నిర్ణయాన్ని ఏడాది వాయిదా వేసింది. ఒక్క నిబంధనే నేర్చుకున్నవాడు అది మారిన రోజున ఖాళీగా కూర్చుంటాడు. ఇంధనం లెక్క కట్టడం వచ్చినవాడికి ఆ భయం లేదు. మన దేశం పరిశ్రమల కోసం తెచ్చిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకంలోనూ ఆ నేర్పు అక్కరకొస్తుంది.

యూరోపియన్ కమిషన్ ఈ నిబంధనలను తన వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంచింది. అమ్మానాన్నలు ఫీజు గురించి ఆలోచించే ముందు పిల్లలు వాటిని చదివి, పై లెక్కను మరో రెండు రేవుల మధ్య ప్రయాణానికి స్వయంగా కట్టి చూడాలి. ఆ పని నచ్చితేనే కోర్సు సంగతి మాట్లాడండి. నచ్చకపోతే బలవంతపెట్టకండి.