వైద్య చిత్రకారులు ఏం చేస్తారు?

శస్త్రచికిత్స మధ్యలో తీసిన ఫొటోలో రక్తం, గాజుగుడ్డ, పరికరాలు, సర్జన్ వేళ్లు అన్నీ కనిపిస్తాయి. విద్యార్థి చూడాల్సిన రక్తనాళం మాత్రం కనిపించకపోవచ్చు. కెమెరాలు ఇంత మెరుగుపడినా వైద్య పుస్తకాల్లో గీసిన బొమ్మలే ఉండటానికి కారణం ఇదే. ఏది చూపాలో, ఏది వదిలేయాలో తేల్చాలంటే చెయ్యి తిరిగితే చాలదు, శరీర నిర్మాణం తెలియాలి.

ఇందుకు శిక్షణనిచ్చే విభాగం 1911లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దాన్ని నడిపిన మాక్స్ బ్రోడెల్ డాక్టరు కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో చిత్రకళ నేర్చుకుని 1894లో బాల్టిమోర్ చేరాడు. తడిగా మెరిసే కణజాలాన్ని చూపడానికి కార్బన్ పొడిని కుంచెతో అద్దే పద్ధతిని రూపొందించాడు. అంతకంటే ఆసక్తికరమైనది మూత్రపిండం సంగతి. దాన్ని గీయడానికి ముందు లోపలి రక్తనాళాల అమరికను పరిశీలించాడు. ముందువైపు ధమని శాఖలు, వెనుకవైపు శాఖలు ఎదురయ్యే చోట పెద్ద నాళాలు లేవని, ఆ చోటు మూత్రపిండం వెలుపలి అంచుకు కాస్త వెనుకగా ఉందని గమనించాడు. అక్కడ కోస్తే రక్తస్రావం తక్కువ. సర్జన్లు దాన్ని ఇప్పటికీ ‘బ్రోడెల్ గీత’ అనే అంటారు. బొమ్మ కోసం చేసిన పరిశీలన ఆపరేషన్ బల్ల దాకా వెళ్లిందన్నమాట!

ఇప్పుడు ఈ విభాగంలో రెండేళ్ల మాస్టర్స్ కోర్సు ఉంది. చేరాలంటే సైన్సు చదువూ కావాలి, గీసిన బొమ్మలూ చూపించాలి. కుంచెతో పాటు స్కాన్ల ఆధారంగా త్రీడీ నమూనాలు, యానిమేషన్లు చేయడం కూడా ఈ వృత్తిలో భాగమే.

రంగుల ఎంపిక చిన్న విషయమేమీ కాదు. 2020లో అందరూ చూసిన కరోనా వైరస్ బొమ్మలోని ఎర్రటి కొమ్ములు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చిత్రకారులు ఎంచుకున్న రంగే. దాదాపు 100 నానోమీటర్ల వైరస్ కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చిన్నది. మనం చూడగల రంగు దానికి లేదు.

చర్మం సంగతి అలా కాదు. తెల్లని చర్మంపై ఎర్రగా కనిపించే వాపు, నల్లని చర్మంపై ఊదా రంగులోనో ముదురు గోధుమ రంగులోనో ఉండవచ్చు. చాలా పుస్తకాల్లో ఉన్నవి తెల్లని శరీరాలే. నైజీరియాకు చెందిన చిడియెబెరె ఇబే గీసిన నల్లజాతి గర్భిణి, గర్భస్థ శిశువు బొమ్మ 2021లో ప్రపంచమంతా తిరిగింది. అలాంటి బొమ్మను అంతకుముందు చూడలేదని ఎందరో అన్నారు. ‘ఎర్రదనం కోసం చూడండి’ అని నేర్చుకున్న విద్యార్థి, చామనఛాయ రోగి కాలిపై ఇన్‌ఫెక్షన్‌ను ఆలస్యంగా గుర్తించే ప్రమాదం మన ఆసుపత్రుల్లోనూ ఉంది.