డ్రైవ్ కనిపించకపోతే మదర్‌బోర్డు పోయినట్టేనా?

తమ్ముళ్లూ,

మన హాస్టల్ స్టడీ రూములో ఉన్న కంప్యూటరు మీ అందరికీ తెలిసిందే. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకరు తాము వాడిన కంప్యూటరును 2023లో మనకు ఇచ్చారు. అందులోని 120 జీబీ ఎస్‌ఎస్‌డి త్వరగానే నిండిపోయింది. గ్రూప్-2 పాఠాల వీడియోలు పెట్టుకోవడానికి చోటు లేక 2024లో 19 మందిమి తలా 100 రూపాయలు వేసుకుని 240 జీబీ ఎస్‌ఎస్‌డి మరొకటి కొన్నాం. బిగించి ఆన్ చేశాం. కొత్త డ్రైవ్ ఎక్కడా కనిపించలేదు.

కొన్న షాపుకే తీసుకెళ్లాం. వాళ్ల కంప్యూటరుకు తగిలిస్తే కనిపించింది. "డ్రైవ్ బాగానే ఉంది, మీ మదర్‌బోర్డు పోయింది. మార్చాలంటే 5,500 అవుతుంది" అన్నారు. ఆ 100 రూపాయల కోసమే ఇంటికి ఫోన్ చేసినవాళ్లు మనలో ఉన్నారు. 5,500 ఎక్కడి నుంచి తేవాలి? వార్డెన్ గారిని రెండు రోజులు గడువు అడిగి మేము ముగ్గురం పీజీ వాళ్లం ఆ పెట్టె ముందు కూర్చున్నాం. అప్పుడు నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ముందు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి

స్కాలర్‌షిప్ జాబితాలో పేరు రాకపోతే మనం ఏం చేస్తాం? దరఖాస్తు కాలేజీలో ఆగిందా, సంక్షేమ కార్యాలయంలో ఆగిందా, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాక ఆగిందా అని వరుసగా కనుక్కుంటాం. డ్రైవ్ విషయంలోనూ అలాంటి మూడు మెట్లున్నాయి. ఒకటి తీగలు, రెండు మదర్‌బోర్డు, మూడు విండోస్.

కంప్యూటరు ఆన్ కాగానే విండోస్ కంటే ముందు బోర్డు మీది చిప్‌లో ఉన్న బయోస్ అనే ప్రోగ్రాం పని మొదలుపెడుతుంది. స్టడీ అవర్‌లో హాజరు తీసుకున్నట్టు ఏ ఏ పరికరాలు వచ్చాయో అది చూసుకుంటుంది. ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే చాలా కంప్యూటర్లలో ఆ తెర వస్తుంది. అక్కడ డ్రైవ్ పేరు ఉండి విండోస్‌లో లేకపోతే లోపం మూడో మెట్టులో ఉన్నట్టు. అక్కడే పేరు లేకపోతే విండోస్‌లో ఎంత వెతికినా లాభం లేదు. మాది రెండో రకం. బయోస్‌లోనే పేరు లేదు.

మొదటి మెట్టు: తీగలు

ముందు కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకేయాలి. పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఆ తర్వాత క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని లోపల చేయి పెట్టాలి. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్‌లను పాడు చేయగలదు.

మేము కొన్నది 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డి. దానికి రెండు తీగలు ఉండాలి. 7 పిన్నుల చిన్నది సమాచారానికి, 15 పిన్నుల వెడల్పాటిది కరెంటుకు. ఏ ఒక్కటి వదులుగా ఉన్నా డ్రైవ్ కనిపించదు. సమాచారపు తీగ మార్చి చూశాం, లేదు. కరెంటు తీగ మార్చి చూశాం, లేదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే పని చేసినా దేనివల్ల చేసిందో తెలియదు.

రెండో మెట్టు: బోర్డు నియమాలు

తీగలు బాగున్నాయి, డ్రైవ్ బాగుంది. ఇక షాపులో చెప్పిందే నిజమేమో అనిపించింది. కానీ ఒక్కమాట ఆలోచించాం. ఆ షాపు పరీక్ష డ్రైవ్ మంచిదని రుజువు చేసింది. బోర్డు చెడ్డదని మాత్రం రుజువు చేయలేదు. 120 జీబీ డ్రైవ్ అదే బోర్డు మీద నడుస్తూనే ఉంది కదా!

బోర్డు మీద దాని మోడల్ పేరు అచ్చువేసి ఉంది. దాన్నిబట్టి కంపెనీ సైటులో ఉచితంగా దొరికే మాన్యువల్‌ను ఫోనులోకి దింపుకున్నాం. స్టోరేజ్ పేజీలో ఒక పట్టిక, దాని కింద ఒక చిన్న గమనిక. ఎం.2 స్లాటులో సాటా రకం ఎస్‌ఎస్‌డి ఉంటే, 2వ సాటా పోర్టు పని చేయదు అని. ఆ రెండింటికీ బోర్డు మీద దారి ఒక్కటే. ఒకరు వాడుతుంటే రెండోవారికి ఉండదు. మన పాత 120 జీబీ డ్రైవ్ ఎం.2 స్లాటులో ఉంది, అది సాటా రకమే. మేము కొత్తదాన్ని తగిలించింది సరిగ్గా 2వ పోర్టుకు! తీగ పీకి 3వ పోర్టుకు పెట్టాం. బయోస్‌లో పేరు వచ్చింది. ఖర్చు ఒక్క రూపాయి కూడా కాలేదు.

ఏ పోర్టు ఆగిపోతుందన్నది బోర్డును బట్టి మారుతుంది. ఎవరి మాన్యువల్ వాళ్లు చూసుకోవాల్సిందే. ఈ మెట్టులోనే చూడాల్సినవి మరికొన్ని:

1. ఎం.2 ఎస్‌ఎస్‌డిలు సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు. కొన్ని స్లాట్లు ఒక్క రకాన్నే తీసుకుంటాయి. స్లాటులో చక్కగా కూర్చున్నా రకం వేరైతే కనిపించదు. కొనే ముందే చూసుకోవాలి.

2. బయోస్‌లో ఆ పోర్టు డిసేబుల్ అయి ఉందేమో చూడాలి.

3. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి కంప్యూటర్లలో వీఎండీ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే బయోస్‌లో ఉన్న డ్రైవ్ విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కనిపించకపోవచ్చు. అప్పుడు ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్‌ను లోడ్ చేయాలి. ఇప్పటికే విండోస్ నడుస్తున్న కంప్యూటరులో మాత్రం ఆ సెట్టింగు మార్చకండి, విండోస్ తెరుచుకోకుండా పోవచ్చు.

మూడో మెట్టు: విండోస్

సంబరంగా విండోస్ తెరిస్తే దిస్ పీసీలో మళ్లీ లేదు! ఈసారి కంగారు పడలేదు. కొత్త డ్రైవ్ గీతలు కొట్టని నోటుబుక్కు లాంటిది. దాన్ని విండోస్ వాడుకునేలా మనమే సిద్ధం చేయాలి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాం. ఇనిషియలైజ్ చేయమంటే జీపీటీ ఎంచుకున్నాం. తర్వాత ఖాళీ భాగం మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ ఇచ్చాం. డ్రైవ్ వచ్చేసింది.

ఇది కొత్త డ్రైవ్‌కే. ఏదైనా సమాచారం ఉన్న పాత డ్రైవ్‌ను ఇనిషియలైజ్ చేయమనో, ఫార్మాట్ చేయమనో అడిగితే ఒప్పుకోవద్దు. ముందు తెలిసినవారికి చూపించాలి.

ఎప్పుడు బోర్డు పోయిందనాలి?

రెండు పరీక్షలు చేయాలి. మన డ్రైవ్‌ను ఇంకో కంప్యూటరులో పెట్టి చూడాలి. బాగా నడిచే ఇంకో డ్రైవ్‌ను మన కంప్యూటరు పోర్టులన్నింటిలో పెట్టి చూడాలి. మన డ్రైవ్ అక్కడ నడిచి, మంచి డ్రైవ్ ఇక్కడ ఏ పోర్టులోనూ నడవకపోతేనే, అదీ తీగలూ సెట్టింగులూ చూసుకున్నాకే, బోర్డును అనుమానించాలి.

షాపతను మోసం చేశాడని మేము అనడం లేదు. ఆయనకు పుస్తకం తిరగేసే తీరిక లేకపోయి ఉండవచ్చు. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ చదివింది మేమే మొదలు. ఏదైనా సందేహం వస్తే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అందుకే కౌంటరు అవతల ఉన్నవారు ఏది చెబితే అదే నిజమనుకోవడం మనకు అలవాటైపోయింది. ఇంకొంచెమైతే మీ దగ్గర మళ్లీ చందా వసూలు చేసి, నడుస్తున్న బోర్డును పీకి పారేసేవాళ్లం. "ఎలా తెలిసింది?" అని ఒక్క ప్రశ్న అడగడం, ఒక పుస్తకం చూడడం మనల్ని కాపాడాయి.

మాన్యువల్‌లోని ఆ పేజీని ప్రింటు తీసి కంప్యూటరు పక్క గోడకు అంటించాం. మేము ఈ ఏడాది హాస్టల్ వదిలి వెళ్తున్నాం. ఇకపై ఆ కంప్యూటరు బాధ్యత మీదే. పెట్టె తెరవడానికి భయపడకండి. ప్లగ్గు పీకడం మాత్రం మరవకండి.

ఇట్లు,
మీ పీజీ అన్నలు