పలుకని పెడలు – దోషాన్వేషణ పాఠము

పుస్తకములోని వలయ చిత్రము వేరు, విద్యార్థి తన చేతితో టంకము వేసిన వలయము వేరు. మొదటిదానిలో తీగెలన్నియు చక్కగా కలిసియుండును. రెండవదానికి బ్యాటరీ తగిలించిన పిమ్మట ధ్వని రాకపోయినచో, అసలైన చదువు అప్పుడే ప్రారంభమగును. గిటారు వాయించు మిత్రులు సొంతముగా తయారు చేసికొను ‘ఫజ్’ పెడలును ఉదాహరణముగా గైకొని, అది పలుకనప్పుడు దోషమును ఏ క్రమములో వెదకవలెనో ఈ వ్యాసములో వివరింపదలచితిమి.

పులికాట్ సరస్సు పరిసరములలో నుండు విద్యార్థులకు ఇది వినోదమాత్రము కాదు. కోరిన రకపు ట్రాన్సిస్టరు దగ్గరలో దొరకనిచో, సూళ్లూరుపేట నుండి రైలులో సుమారు 80 కిలోమీటర్లు ప్రయాణించి చెన్నైలోని రిచీ స్ట్రీటుకు పోవలెను. లేదా తపాలాలో తెప్పించుకొని ఎదురుచూడవలెను. వార్షికోత్సవము రెండు దినములలో ఉన్నదనగా ఆ రెండును సాధ్యము కావు. బాగుగా ఉన్న భాగమును అనుమానముతో పెరికివేసినచో ఉన్నది కూడ పోవును. కావున ఊహతో మార్చుట కాదు, కొలిచి నిర్ణయించుట మన పద్ధతి కావలెను.

దోషము నుండి పుట్టిన పరికరము

ఈ పరికరము పుట్టుకయే ఒక దోషములో నున్నది. అమెరికాలోని నాష్‌విల్ నగరమున మార్టీ రాబిన్స్ పాడిన ఒక పాట రికార్డగుచుండగా, స్టూడియో యంత్రములో ఒక భాగము చెడి గ్రాడీ మార్టిన్ వాయించిన గిటారు ధ్వని బొంగురుగా వినవచ్చెను. ఆ పాట 1961లో వెలువడి ప్రజాదరణ పొందెను. గ్లెన్ స్నాడీ అను ఇంజనీరు అదే ధ్వనిని ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించు వలయమును రూపొందించెను. అదియే 1962లో ‘మాయెస్ట్రో ఫజ్‌టోన్’ అను పేర విపణికి వచ్చెను. 1966లో లండనులో ‘ఫజ్ ఫేస్’ వెలువడెను. రెండే ట్రాన్సిస్టర్లు గల ఈ రెండవ వలయమే నేటికిని ఇంటిలో చేసికొనువారికి అనుకూలమైనది.

దీనిని బట్టి ఒక చిక్కు తెలియుచున్నది. రేడియోలో ధ్వని చెదరినచో అది దోషమని వెంటనే చెప్పగలము. ఫజ్ పెడలులో ధ్వని చెదరుటయే గుణము. మనము కోరిన చెదరు ఏది, కోరని చెదరు ఏది అను వివేచన చెవి ఒక్కటే చేయజాలదు. మల్టీమీటరు సాయము కావలెను.

వలయము చేయు పని

గిటారు తంత్రి కంపించినప్పుడు దాని క్రింది అయస్కాంతపు చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. మొదటి ట్రాన్సిస్టరు దానిని పెంచి రెండవదానికి అందించును. రెండవది ఇంకను పెంచబోగా, 9 వోల్టుల బ్యాటరీ హద్దు దాటుటకు వీలులేక తరంగపు శిఖరములు తెగిపోవును. ఈ తెగిన తరంగమే ఫజ్ ధ్వని. రెండవ ట్రాన్సిస్టరు ఎమిటరు నుండి మొదటిదాని బేసునకు 100 కిలో ఓముల రెసిస్టరు తిరిగి వచ్చును. అందుచేత రెండు ట్రాన్సిస్టర్లును ఒకదానిపై నొకటి ఆధారపడియుండును. ఒకటి చెడినచో రెండింటి వోల్టేజీలును తారుమారగును. ఈ విషయము గుర్తుంచుకొనవలెను.

మొదటి విభజన

పెడలును తెరచుటకు ముందే దోషమును రెండు భాగములుగా విభజింపవచ్చును. కాలి స్విచ్చును నొక్కి, గిటారు ధ్వని వలయమును తాకక నేరుగా పోవు స్థితిలో నుంచవలెను. అప్పుడును ధ్వని రానిచో దోషము కేబులులోనో, జాకులోనో, స్విచ్చులోనో కలదు. ట్రాన్సిస్టర్లను అనుమానింప పనిలేదు. నేరుగా వచ్చి ఫజ్ స్థితిలో మాత్రము ఆగిపోయినచో దోషము వలయములో గాని, విద్యుత్ సరఫరాలో గాని కలదు.

తరువాత బ్యాటరీ. చాల పెడల్లలో బ్యాటరీ ఋణధ్రువము ఇన్‌పుట్ జాకు మధ్య వలయమునకు కలుపబడియుండును. ప్లగ్గు దూర్చినప్పుడే సరఫరా పూర్తియగును. ప్లగ్గు లేకుండ వోల్టేజీ కొలిచి, వలయము చచ్చినదని నిశ్చయించుట తగదు. ప్లగ్గు పెట్టి, బ్యాటరీ తీగెలలో ఒకదాని నడుమ మీటరునుంచి కరెంటు కొలువవలెను. ఈ వలయము సుమారు 1 మిల్లీ ఆంపియరు మాత్రమే తీసికొనును. సున్న వచ్చినచో తీగె ఎచ్చటనో తెగినది. పదుల మిల్లీ ఆంపియర్లు వచ్చినచో ఎచ్చటనో రెండు తీగెలు అంటుకొన్నవి; వెంటనే బ్యాటరీ తీసివేయవలెను.

వోల్టేజీల సాక్ష్యము

సిలికాన్ ఎన్‌పిఎన్ ట్రాన్సిస్టర్లు వాడినచో, మీటరు నల్లతీగెను భూమి బిందువునకు చేర్చి ఈ స్థానములను కొలువవలెను. మొదటిదాని బేసు వద్ద 0.6 వోల్టు, దాని కలెక్టరు వద్ద 1.2 నుండి 1.5, రెండవదాని ఎమిటరు వద్ద 0.6 నుండి 0.9, దాని కలెక్టరు వద్ద దాదాపు 4.5 వోల్టులు ఉండుట మేలు.

రెండవ కలెక్టరు వద్ద నిండుగా 9 వోల్టులున్నచో ఆ ట్రాన్సిస్టరులో కరెంటు ప్రవహించుట లేదు. దాని కాళ్లు తారుమారై యుండవచ్చును, ఎమిటరు వద్ద గల 1 కిలో ఓము కంట్రోలు తెగియుండవచ్చును, లేదా మొదటి ట్రాన్సిస్టరు లోపల అంటుకొని యుండవచ్చును. అదే కలెక్టరు వద్ద సుమారు 1 వోల్టు మాత్రమే యుండి, ఎమిటరు వోల్టేజీకి దగ్గరగా నున్నచో, మొదటి ట్రాన్సిస్టరు పనిచేయుట లేదు. 100 కిలో ఓముల రెసిస్టరు అతుకును ముందుగా చూడవలెను. వోల్టేజీ 3 వద్ద నున్నచో అది చెడుట కాదు, సవరణ మాత్రమే కావలెను. కలెక్టరు వద్ద గల 8.2 కిలో ఓముల రెసిస్టరు స్థానములో 10 కిలో ఓముల ప్రీసెట్ నుంచి 4.5 వచ్చువరకు త్రిప్పవలెను.

ట్రాన్సిస్టరు మార్చునప్పుడు కాళ్ల వరుసను జాగ్రత్తగా చూడవలెను. చదునైన ముఖము మనవైపును, కాళ్లు క్రిందికిని ఉన్నప్పుడు బి.సి. 548లో ఎడమ నుండి కలెక్టరు, బేసు, ఎమిటరు ఉండును. 2ఎన్ 3904లో ఎమిటరు, బేసు, కలెక్టరు ఉండును. రూపము ఒకటే, వరుస మాత్రము తలక్రిందులు.

ధ్వని వెంట నడక

వోల్టేజీలు సరిగానుండి ధ్వని మాత్రము రానిచో, ధ్వని వెంట నడువవలెను. ఒక తీగె చివర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును టంకము వేసి, రెండవ చివరను బ్యాటరీతో నడచు చిన్న ఆంప్లిఫైయరుకు కలుపవలెను. భూమి తీగెలను కూడ కలిపి, ఒకరు గిటారు మీటుచుండగా మరొకరు ఆ కెపాసిటరు కొనను ఇన్‌పుట్ వద్ద, మొదటి కలెక్టరు వద్ద, రెండవ కలెక్టరు వద్ద, వాల్యూము కంట్రోలు వద్ద వరుసగా తాకించవలెను. ధ్వని వినబడిన చివరి బిందువునకు, ఆగిపోయిన మొదటి బిందువునకు నడుమ దోషము కలదు. కరెంటు ప్లగ్గుతో నడచు పాత వాల్వు సెట్టును దీనికి ఎన్నడును వాడరాదు, అది ప్రాణాపాయము.

ఉప్పు గాలి, వేసవి ఎండ

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన రెండు కారణములు కలవు. పులికాట్ ఉప్పునీటి సరస్సు. దాని ఆవల బంగాళాఖాతము. గాలిలోని ఉప్పు తేమను పీల్చుకొని రాగి తీగెలపై పచ్చని చిలుమును, జాకులపై తుప్పును పుట్టించును. మొన్నటివరకు పలికిన పెడలు నేడు గరగరమనినచో ముందుగా జాకు, బ్యాటరీ క్లిప్పు, కంట్రోళ్లను స్పిరిట్‌తో తుడిచి చూడవలెను. టంకము వేసిన పిమ్మట మిగిలిన జిగురును కడిగి, ఆరిన తరువాత వార్నిషు పూత వేసినచో బోర్డు చాలకాలము నిలుచును.

రెండవది ఎండ. కొందరు మృదువైన ధ్వని కొరకు ఎ.సి. 128 వంటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వాడుదురు. వీనిలో లీకేజీ కరెంటు ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు రమారమి రెట్టింపగును. పుష్యమాసపు చలిలో సవరించిన పెడలు రోహిణీ కార్తెలో గొంతు మూసికొనుట ఇందుచేతనే. భాగము చెడలేదు, దానిని నీడకు తెచ్చి మరల కొలువవలెను. ఈ జెర్మేనియం వలయములు చాలవరకు పిఎన్‌పి రకమువి; వానిలో బ్యాటరీ ధనధ్రువమే భూమికి చేరును. సిలికాన్ వలయపు అలవాటుతో కలుపరాదు.

పొరుగున నున్న నిదర్శనము

దోషాన్వేషణ చిన్నవారి పని అని తలంపరాదు. సరస్సునకు సముద్రమునకు నడుమ నున్న శ్రీహరికోట నుండి 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 మొదటిసారి ఎగిరి సముద్రములో పడెను. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని ఒక కవాటము సరిగా పనిచేయకపోవుట కారణమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1980 జులై 18న అదే రకపు వాహనము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. అంత పెద్ద యంత్రములో ఒక్క కవాటమును వెదకి పట్టిన క్రమమును, మన అరచేతి పెడలులో ఒక్క అతుకును పట్టు క్రమమును ఒకే జాతికి చెందినవి.

కావున విద్యార్థి మిత్రులు పెడలు చక్కగా పలుకుచున్న దినముననే దాని వోల్టేజీలను, కరెంటును ఒక కాగితముపై వ్రాసి పెట్టె మూత లోపల అతికింపవలెను. ఆరోగ్యముగా నున్నప్పటి కొలత తెలిసిననే రోగమును గుర్తించుట సులభము. వేదికపై ధ్వని ఆగిన రాత్రి, ఆ కాగితము రిచీ స్ట్రీటు కంటె దగ్గర.