ముందు ఆ నేల మీద పుట్టినవాళ్ళ మాట

తెనాలి

చిరంజీవి స్రవంతికి,

నువ్వు పంపిన అల్మరా ఫోటో పెద్దది చేసుకుని చూశాను. బిష్కెక్‌లో మెడిసిన్ చదివిన రోజుల్లో కొన్నవీ, ఇక్కడికొచ్చాక తెప్పించుకున్నవీ కలిసి రెండు అరలు నిండిపోయాయి. అన్నీ మధ్య ఆసియావే. ఒక్కటీ పూర్తి చెయ్యలేదనీ, అటు చూస్తేనే దిగులేస్తోందనీ రాశావు. అమ్మా, అవి బాకీ వసూలుకొచ్చి గుమ్మంలో కూర్చున్న మనుషులు కారు. హాస్పిటల్లో రాత్రి డ్యూటీలు చేస్తూ ఏడాదికి నాలుగు చదివినా చాలు. ఎన్ని చదివావన్న దానికంటే ఏది ముందు చదివావన్నది ముఖ్యం. ఆ వరస గురించే ఈ ఉత్తరం.

అట్టల మీద పేర్లన్నీ చూశాను. ఎక్కువ భాగం బయటివాళ్ళు రాసినవే. సైనికాధికారులు, గూఢచారులు, యాత్రికులు, పత్రికలవాళ్ళు. ముందు వరసలో పీటర్ హాప్‌కిర్క్ 'ద గ్రేట్ గేమ్' పెట్టుకున్నావు. బాగా చదివించే పుస్తకం, కాదనను. అది 1842లో బుఖారా అమీరు తన కోట ముందు స్టోడార్ట్, కోనొలీ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారుల తలలు నరికించడంతో మొదలవుతుంది. ఆ ఇద్దరి ఉత్తరాలు, వాళ్ళు పడ్డ బాధలు మనకు తెలుస్తాయి. ఆ మైదానంలో నిలబడి చూసిన బుఖారా జనం ఆ అమీరు గురించి ఏమనుకున్నారో తెలియదు. దీన్నే మొదట చదివితే ఆ దేశమంతా లండనూ సెయింట్ పీటర్స్‌బర్గూ తగువులాడుకున్న ఖాళీ జాగాలాగే నీ మనసులో ఉండిపోతుంది. నువ్వు ఆరేళ్ళు బతికిన ఊళ్ళు కదా అవి, అలా ఉండిపోకూడదు.

కాబట్టి హాప్‌కిర్క్‌ని వెనక్కి జరుపు. కిర్గిజ్ రచయిత ఐత్మాతోవ్‌తో మొదలుపెట్టు. 'జమీల్యా' చిన్నది, 1958 నాటిది. సోవియట్ పుస్తకాలు తెలుగులో చవగ్గా దొరికిన కాలంలో మా తరం వాళ్ళం చేతులు మార్చుకుంటూ చదివాం. రెండో ప్రపంచ యుద్ధానికి మగవాళ్ళు వెళ్ళిపోయిన కిర్గిజ్ పల్లెలో ధాన్యం బళ్ళు రైల్వే స్టేషన్‌కి తోలుకెళ్ళి రాత్రి తిరిగొస్తుంటారు. ఆ దారిలో దనియార్ అనే కుంటి సైనికుడు పాడతాడు, అంతే కథ. ఆ కొండల్ని నువ్వు కళ్ళారా చూశావు. నాకంటే నీకు బాగా అందుతుంది.

దాని తర్వాత అతనిదే పెద్ద నవల, 1980లో వచ్చిన 'ద డే లాస్ట్స్ మోర్ దాన్ ఎ హండ్రెడ్ ఇయర్స్'. కజక్ మైదానంలో ఒక చిన్న రైల్వే హాల్టు. అక్కడ పనిచేసే ఎదిగేయ్ స్నేహితుడి శవాన్ని తీసుకుని, ఒంటె మీద ఎక్కి, పూర్వీకుల శ్మశానానికి బయల్దేరతాడు. తీరా వెళ్ళేసరికి దాని చుట్టూ కంచె ఉంటుంది. ఆ నేల రాకెట్ కేంద్రం కిందికి పోయింది, లోపలికి రానివ్వరు. ఇది చదివేటప్పుడు ఒక సంగతి మనసులో పెట్టుకో. ఐత్మాతోవ్ తండ్రి తొరెకూల్‌ని 1938లో సోవియట్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఎక్కడ పూడ్చారో ఆ కుటుంబానికి దశాబ్దాలపాటు తెలియదు. తండ్రికి సమాధి లేని మనిషి రాసిన నవల అది. 1991లో బిష్కెక్ దగ్గర చోన్-తాష్‌లో ఒక పాత ఇటుక బట్టీలో 130 మందికి పైగా మనుషుల అవశేషాలు బయటపడ్డాయి, వాటిలో ఆ తండ్రివీ ఉన్నాయి. వాళ్ళందరినీ ఖననం చేసిన చోటే అతా-బెయిత్. 2008లో కొడుకునీ అక్కడే ఉంచారు. మీ హాస్టల్‌కి గంట ప్రయాణం కూడా ఉండదేమో.

ఆ 1938లోనే తాష్కెంట్‌లో అబ్దుల్లా ఖాదిరీ అనే ఉజ్బెక్ నవలాకారుడినీ కాల్చి చంపారు. హమీద్ ఇస్మాయిలోవ్ 'ద డెవిల్స్ డాన్స్' అతని గురించే. జైలుగదిలో కూర్చుని, రాయకుండా మిగిలిపోయిన నవలని ఖాదిరీ తలలోనే అల్లుకుంటుంటాడు. అందులో ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు పాలకులకు భార్య కావలసివచ్చిన ఒక స్త్రీ, ఆస్థాన కవులు, బుఖారా అమీరు వస్తారు. ఆ స్టోడార్ట్, కోనొలీ కూడా వస్తారు. ఇప్పుడు హాప్‌కిర్క్ తియ్యి. అదే మైదానం, అవే తలలు, కానీ నువ్వు నిలబడ్డ చోటు మారిపోయి ఉంటుంది.

కజక్ కరువు మీద రెండున్నాయి నీ దగ్గర. ముందు షయఖ్మెతోవ్ ఆత్మకథ 'ద సైలెంట్ స్టెప్' చదువు. సంచార కుటుంబంలో పుట్టి, తండ్రి మీద కులక్ (కలిగిన రైతు) అన్న ముద్ర పడ్డాక దిక్కులేకుండా తిరిగిన కుర్రాడి మాటలవి. సారా కామెరాన్ 'ద హంగ్రీ స్టెప్' తర్వాత. 1930-33 మధ్య సుమారు 15 లక్షల మంది చనిపోయారన్న అంకె అప్పుడు అంకెలా ఉండదు. ఈ రెండూ రాత్రి డ్యూటీలో వద్దు, సెలవు రోజున పగటిపూట చదువు.

'బాబర్‌నామా' చూసి భయపడకు, అంతా ఒక్క ఊపున చదవక్కర్లేదు. మనకు బడిలో బాబరంటే 1526, పానిపట్టు. అతను మాత్రం పుట్టిన ఫెర్గానాలోని పళ్ళ గురించి, నీళ్ళ గురించి, ఒక్కదాన్ని నలుగురు కూర్చుని తిన్నా మిగిలిపోయే బలిసిన వేటపక్షుల గురించి రాస్తాడు. ఆ మొదటి భాగం చదివి, యుద్ధాలు ప్రస్తుతానికి వదిలేసి, హిందూస్థాన్‌కొచ్చాక రాసిన చివరి భాగానికి వెళ్ళు. కాబూల్‌లో ఉన్న మిత్రుడికి రాసిన ఉత్తరంలో, ఖర్బూజా కోసి తింటుంటే కన్నీళ్ళు ఆగలేదని చెప్పుకుంటాడు. దేశం వదిలి చదువుకున్న పిల్లవి, నీకు వేరే వివరణ అక్కర్లేదు.

ఏది చదువుతున్నా పక్కన మ్యాప్ ఉంచుకో. ఆము దరియా, సిర్ దరియా ఎక్కడ పుట్టి ఎటు పోతున్నాయో వేలితో వెంబడించు. ఆ నీళ్ళని సోవియట్ కాలంలో పత్తికి మళ్ళించాకే, ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సయిన ఆరల్ చాలావరకు ఎండిపోయింది. పత్తి పండే గుంటూరు సీమ పిల్లవి, ఆ కథ నీకు కొత్తగా అనిపించదు.

మిగిలినవాటిలో ఒకే కథ చెప్పే చరిత్రలు మూడున్నాయి. అదీబ్ ఖాలిద్‌ది ఉంచుకుని తక్కినవి ఏదైనా లైబ్రరీకి ఇచ్చెయ్యి. చదవకుండా ఇచ్చేసినా పాపం రాదు. థుబ్రన్ రాసిన యాత్రా పుస్తకం చివరికి ఉంచు, అప్పటికి అతను ఎక్కడ సరిగ్గా చూశాడో, ఎక్కడ చూడలేదో నువ్వే చెప్పగలవు.

నా 'జమీల్యా' తెలుగు ప్రతి కొరియర్లో పంపుతున్నాను. అట్ట ఊడింది, పేజీలన్నీ ఉన్నాయి. పండక్కి వచ్చేటప్పుడు ఇస్మాయిలోవ్ నవల నాకోసం పట్టుకురా. అమ్మా నాన్నలను అడిగానని చెప్పు.

మీ పెదనాన్న