స్టార్ ఆఫ్ ఇండియా యను బిరుదము

విద్యార్థులారా! ప్రాతగ్రంథములయందుఁ గొందఱి పేళ్ల చివర 'కె. సి. యస్. ఐ.' అను పొడి యక్షరములను మీరు చూచియుందురు. వాని చరిత్రమును సంగ్రహముగాఁ దెలిసికొందము.

1857వ సంవత్సరపు తిరుగుబాటు అణఁచఁబడిన పిమ్మట, 1858లో దేశపాలనము ఈస్టిండియా కంపెనీనుండి బ్రిటిషు సింహాసనమునకు సంక్రమించెను. ఆ కలఁతలో తమ పక్షమున నిలిచిన సంస్థానాధీశులను గౌరవించి, వారి విశ్వాసమును దృఢపఱచుకొనుట పాలకుల కవసరమయ్యెను. అందుచే 1861లో విక్టోరియారాణి ఈ బిరుదమును స్థాపించెను. హైదరాబాదు నిజామగు అఫ్జలుద్దౌలాయు, భోపాలు నేలిన సికందర్ బేగమును మొదటి సభ్యులలోనివారు. 1866లో గ్రాండు కమాండరు, కమాండరు, కంపానియను అను మూఁడు తరగతు లేర్పడెను.

ఇందొక విశేషము గలదు. ఇంగ్లండు బిరుదములలో మొదటి తరగతికి 'గ్రాండ్ క్రాస్', అనఁగా మహాసిలువ, యని పేరు. ఇచ్చటి గ్రహీతలలో హిందువులు, మహమ్మదీయులు, సిక్కులు నుండుటచే ఆ పేరు విడిచి 'గ్రాండు కమాండరు' అనిరి. చిహ్నముగా నక్షత్రము నుంచిరి. దానిపై 'పరలోకపు వెలుఁగే మనకు మార్గదర్శి' యను నర్థముగల వాక్యము చెక్కఁబడెను. పరుల మనస్సాక్షిని నొప్పింపకుండుట మెచ్చఁదగినదే. అయినను బిరుదము విశ్వాసమునకు వెలయైనపుడు, మనస్సాక్షి కది సంకెలయు కావచ్చును. మద్రాసు హైకోర్టు న్యాయాధిపతిగా నుండిన యస్. సుబ్రహ్మణ్య అయ్యరుగారికి దీని సోదరబిరుదమగు కె. సి. ఐ. ఇ. యుండెను. స్వపరిపాలనమునుగూర్చి 1917లో అమెరికా అధ్యక్షుఁడగు విల్సనుకు వారు వ్రాసిన లేఖను ప్రభుత్వ మాక్షేపింపఁగా, వారు తమ బిరుదమునే త్యజించిరి.

1947లో దేశము స్వతంత్రమైన పిదప ఈ బిరుదము నెవరికిని నొసఁగుట మానిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 18వ అధికరణముచే ప్రభుత్వము బిరుదము లిచ్చుటను నిషేధించెను. కడపటి సభ్యుఁడగు అల్వారు మహారాజు 2009లో గతించెను.

మొదటి తరగతివారి హారము, ధరించినవాఁడు మరణింపఁగానే తిరిగి యిచ్చివేయవలసినది. విజయనగర ప్రభువగు విజయరామ గజపతిరాజుగారును కె. సి. యస్. ఐ. వహించినవారే. వారు 1857లో స్థాపించిన పాఠశాల 1879లో కళాశాలయై, ఎందఱు తెలుఁగుబిడ్డలకో విద్యాదానము చేసెను. బిరుదము గడచిపోయెను, విద్య నిలిచెను. బాలబాలికలారా, మీరు దేనిని గోరవలయునో యోచింపుఁడు.