గాజు పలికే పాఠం

తెలుగులో ‘గాజు’ అంటే పదార్థము. ‘గాజులు’ అంటే చేతుల ఆభరణములు. ఉర్దూలో ‘శీషా’ అన్న ఒక్క మాట గాజునూ, అద్దమునూ, సీసానూ కూడా తెలుపుతుంది. మన ‘సీసా’ ఆ మాట నుండి వచ్చినదే. ఇక స్టీలుతో చేసినదానిని కూడా మనము ‘గ్లాసు’ అనియే పిలుస్తున్నాము. మాట ఒకటే అయినను వస్తువు వేరు కావచ్చును. ధ్వని విషయంలోనూ ఇట్టి పొరపాటుకు తావున్నది.

వస్తువు కంపించినప్పుడు ధ్వని పుడుతుంది. సెకనుకు జరిగే కంపనముల సంఖ్యను పౌనఃపున్యము అంటారు. అది పెరిగితే శ్రుతి హెచ్చుతుంది, తగ్గితే శ్రుతి దిగుతుంది. ధ్వని ప్రయాణానికి యానకము కావలెను. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ధ్వని సెకనుకు గాలిలో సుమారు 343 మీటర్లు, నీటిలో సుమారు 1,480 మీటర్లు పయనిస్తుంది. గాజులో ఆ వేగము 5,000 మీటర్లకు పైమాటే. గాజుకు గల అధిక దృఢత్వమే ఇందుకు ముఖ్యకారణము.

‘సీసాలో నీరు పెరిగితే శ్రుతి తగ్గును’ అని ఒక విద్యార్థి కంఠస్థం చేసినాడనుకొందాము. ఇది నిజమేనా? ఒక గాజు సీసాను తీసుకొని చెంచాతో మెల్లగా తట్టండి. కొంచెం కొంచెంగా నీరు పోస్తూ మరల తట్టండి. శ్రుతి క్రమంగా దిగుతుంది. సూత్రము నిజమే! ఇప్పుడు అదే సీసా మూతి మీదుగా నోటితో గాలి ఊదండి. నీరు పోసినకొద్దీ శ్రుతి హెచ్చుతుంది. సూత్రము తప్పినది!

సీసా అదే, నీరూ అదే; కంపించే వస్తువు మాత్రము మారినది. తట్టినప్పుడు ముఖ్యంగా కంపించేది గాజు గోడ. నీటి బరువును కూడా మోయవలసి వచ్చుటచే అది నిదానంగా కంపిస్తుంది. ఊదినప్పుడు కంపించేది లోపలి గాలి. నీరు పెరిగి గాలికి చోటు తగ్గుటచే దాని కంపనములు వేగవంతమగును. కావున ‘ఏది కంపించుచున్నది?’ అని ప్రశ్నించనివాడు సగము ప్రయోగములలో తప్పు జవాబే వ్రాస్తాడు.

గాజు గ్లాసు కొనేటప్పుడు పెద్దలు వ్రేలితో మీటి చూచుట మనకు తెలిసినదే. మంచి గ్లాసు ఖంగుమంటుంది. పగులు ఉన్నది బొద్దుగా పలికి వెంటనే ఆగిపోతుంది. పగులు అంచులు ఒకదానితో ఒకటి రాచుకొని కంపన శక్తిని హరించుటయే దీనికి కారణము. కంటికి కనబడని పగులును చెవి పట్టుకొన్నది.

విద్యార్థి మిత్రులారా! సూత్రములు చదవండి, కాని వాటిని జవాబు పత్రముపై వ్రాయుటకు ముందు, ఇంట్లో ఉన్న సీసాను కూడా ఒకసారి అడిగి చూడండి.